గంజి పెట్టని మేజోళ్ళు

అడవి చెక్‌పోస్టు దగ్గర సారు ఈల ఊదినప్పటి నుంచి మొదటి మలుపు తిరిగేదాకా బాలికి ఏ ఆలోచనా లేదు. మలుపు తిరిగాక ఒక్కొక్కటే వచ్చాయి, ముందుగా పాదాల సంగతి, ఎప్పుడూ ముందు వాటినే పలకరిస్తుంది, మడమలు బాగున్నాయి, బొటనవేళ్ళు బాగున్నాయి, కుడికాలి చిటికెనవేలు, ఏ కష్టమొచ్చినా అందరికంటే ముందు గొణిగేది అదే, అది కూడా నోరెత్తలేదు, ఇంకేం కావాలి, మణుగూరు కాలనీ గ్రౌండు దాకా పది కిలోమీటర్లు, రోడ్డు దాని పని అది చేస్తుంది, తన పని తాను చేస్తుంది. రాత్రి వానకు టేకు చెట్లు ఇంకా కారుతూనే ఉన్నాయి. బొగ్గు లారీలు జార్చుకుపోయిన పొడి రోడ్డు అంచున నల్లటి బురదగా పేరుకుంది. పాల్వంచ అమ్మాయి అప్పుడే రెండో మలుపు దాటిపోయింది, ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదని పోయిన ఏడే తేలిపోయింది, ఆమె సంగతి ఆమెది. మొదటి ఇద్దరికి హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువూ అక్కడే, పరుగూ అక్కడే, నేర్పే సార్లూ అక్కడే. ఒక సీటు ఆ అమ్మాయిది అనుకుంటే రెండోది ఇంకా ఎవరిదీ కాదు, అది ఇప్పుడు బాలి ముందర, సత్తుపల్లి ప్రమీలారాణి వీపు మీద ఎగిరెగిరి పడుతున్న రెండు జడల మధ్య ఊగుతోంది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. కాబట్టి ఇవాళే. ఇవాళ అన్న మాట తలచుకుంటే భయం రావాలి గదా, రాలేదు, నవ్వొచ్చింది, ఎందుకంటే కాళ్ళకున్నవి ఈసారి తాను చూసి, తడిపి, ఆరబెట్టి, పరీక్ష పెడితే గెలిచిన మేజోళ్ళు.

బూడిదరంగువి. అందం లేదు వాటికి. పొద్దున అమ్మాయిలందర్నీ లారీలో చెక్‌పోస్టు దగ్గరికి తెస్తుంటే, ఆ కుదుపుల్లోనే చెప్పులు విప్పి అవి తొడుక్కుంటుంటే ప్రమీల చూసింది. ప్రమీల మనసులో ఒకటి బయట ఒకటి పెట్టుకునే పిల్ల కాదు, కడుపులో ఉన్నదంతా నోట్లోకి తెచ్చుకుంటుంది.

“ఏంటమ్మాయ్, సంచిలో మల్లెపూవుల్లాంటి తెల్ల సాక్సులు పెట్టుకుని ఆ బూడిదరంగువి వేసుకుంటున్నావ్? వాటినేం చేస్తావ్, బీరువాలో దాచుకుంటావా?”

“అవి మా యాడీ ముచ్చటకు. ఇవి నా కాళ్ళకు.”

“యాడీ ఎవరు?”

“అమ్మ. మా తండాల గట్లనే అంటం.”

“మా నాన్న ఇవి బెజవాడ నుంచి తెప్పించాడు, చూడు, ఎంత మందమో. పరుపు మీద నడిచినట్టే ఉంటుంది.” కాలు చాపి చూపించింది. బాలి వేలితో నొక్కి చూసింది, నిజంగా పరుపే, మెత్తగా, దట్టంగా, అంతా నూలు. పరుపు తడిస్తే దాన్ని మోసేదెవరమ్మా అని లోపల అనుకుని, పైకి, “వాన పడ్డది గదా, పల్చటివి తెచ్చుకోలేదా?” అని అడిగింది. “పల్చటివైతే కాళ్ళు ఒరుసుకోవూ?” అని ప్రమీల నవ్వేసింది. అడగాల్సింది అడిగింది, అంతకుమించి చెబితే ఎదుటి పిల్లకు పరుగు ముందు దిగులు పెట్టినట్టవుతుంది.

సంచిలోని తెల్లవి ఇప్పుడు సారు జీపులో ఉన్నాయి. అవి యాడీ మోతీ చేతి పని. పొద్దున చీకటి విడవకముందే మోతీ వాటిని రెండు అరచేతుల మీద పెట్టి అందించింది, దేవుడి ముందు నుంచి తీసినట్టు, కింద పెడితే టక్కుమని చప్పుడయ్యేంత గంజి. బాలి చిన్నప్పుడు మోతీ ఇల్లందులో ఒక డాక్టరు గారింట్లో బట్టలుతికింది. గంజి పెట్టిన చీర కట్టుకున్న డాక్టరమ్మను అందరూ మీరు అనేవారు, నలిగిన లంగా కట్టుకున్న మోతీని నువ్వు అనేవారు, ఆ తేడా ఎక్కడుందో మోతీ కళ్ళారా చూసి పట్టుకుంది, గంజి కుండలో ఉంది. ఆ ఇంట్లో పని మానేసినా గంజి మానలేదు. నాన్నను బా అంటారు వాళ్ళు, గనికి వేసుకుపోయే బా చొక్కాకు గంజి, బా తలకు చుట్టుకునే తువ్వాలకు గంజి, “గోప్యా, బొగ్గు తవ్వనీకి పోతున్నవా, బొగ్గును పెండ్లి చేసుకోనీకి పోతున్నవా?” అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు, బా మాత్రం యాడీని ఒక్క మాట అనలేదు, తువ్వాలు మాత్రం ముఖం తుడుచుకుంటే చెమటను పీల్చకుండా ఒక చెంప మీంచి ఇంకో చెంప మీదికి నెట్టేది, బా నవ్వుతూ చొక్కా చేతికి తుడుచుకునేవాడు. చిన్నప్పుడు అదొక తమాషా. దాన్ని అప్పుడే అర్థం చేసుకుని ఉంటే పోయిన ఏడాది పరుగు ఇంకోలా ఉండేదేమో, అయినా పాదాల తోలు లేచాక వచ్చే తెలివి ముందే రమ్మంటే వస్తుందా.

పోయిన ఏడు కాలేజీ సారు వెంకటనారాయణ గారు టీములో అందరికీ బూట్లు, తెల్ల నూలు మేజోళ్ళు ఇప్పించాడు. బాలి కాలికి మేజోళ్ళు తొడగడం అదే మొదలు. మోతీ వాటిని నీలిమందులో ముంచి, చిక్కటి గంజిలో తిప్పి, ఎండేశాక నిప్పులు పోసిన ఇత్తడి చెంబుతో ఇస్త్రీ చేసి గూట్లో నిలబెట్టింది. అవి పడలేదు. “సూడే, కాళ్ళు లేకుంటనే నిలబడ్డయి,” అని తండా అంతటినీ పిలిచి చూపించింది. ఆ సంబరం ముందు బాలికి ఏం తోచేది? తొడుక్కుంది. పరుగు మొదట్లో ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు, తర్వాత చెమట పట్టింది, గంజి కరిగింది, వేళ్ళ మధ్య అట్లపిండి పోసినట్టు జిగురు, ఆ జిగురు మడత పడి మడత అంచు గట్టిపడి, అప్పుడు మొదలైంది మంట. ఆగి విప్పేస్తే పోయేది. ఆగితే ఓడినట్టే అనుకుంది. ఆగకుండానే ఓడింది. ఇంటికొస్తే మోతీ గుమ్మంలోనే, “తెల్లగ మెరిసినయా? అందరు సూసిన్రా?” అని అడిగింది. సూసిన్రు యాడీ, అంది. బూట్లు బిగువైనయి, గందుకే కుంటుతున్న, అంది. ఇంటి వెనక ఉప్పునీళ్ళలో పాదాలు పెట్టుకుని కూచుంటే, రెడ్యా మామ అటుపోతూ, “ఒట్టికాళ్ళతోటి మేకలెంట ఉరికినప్పుడు లేడి లెక్క ఉండె, బూట్లు తొడగంగనే కోడిపెట్టయిందా?” అని ఒక రాయి వేసిపోయాడు. ఆ మాటకు ఏడవలేదు బాలి. తప్పు తన కాళ్ళది కాదని తెలుసు, బూట్లదీ కాదని తెలుసు. ఇంటికొచ్చే బస్సులోనే, ఉబ్బిన పాదాలు ముందు సీటు కింద చాపుకుని, బా తువ్వాలు గుర్తొచ్చింది, చెమటను అటు ఇటు నెట్టే తువ్వాలు. పీల్చనిది పనికిరాదు. పీల్చి దాచుకునేదీ పనికిరాదు. మరేది?

రోడ్డు కొంచెం పల్లంలోకి దిగింది. ప్రమీల జడలు అంతే దూరంలో ఉన్నాయి, పెరగలేదు, తగ్గలేదు. ఉండనీ. పల్లంలో మోకాళ్ళ మీద బరువు వేయకూడదు, అడుగు చిన్నది చేసుకోవాలి, కాలు బూటులో ముందుకు జారకూడదు, జారితే గోళ్ళు నల్లబడతాయి, జారడం లేదు, మేజోడు మడమ దగ్గర గిన్నెలా అల్లి ఉంది, అందుకే కదా అదే కావాలని పట్టుబట్టింది. ఇల్లందు బజారులో పగిడయ్య సేటు దుకాణం. మేజోళ్ళ పెట్టె మొత్తం బల్ల మీద పోయించుకుని ఒక్కొక్కదాన్నీ లోపలి వైపు బయటికి తిప్పి, వేళ్ళ దగ్గరి కుట్టు మీద బొటనవేలు రాసి చూసింది, కుట్టు లావుగా ఉంటే పక్కన, మడమ లేకుండా తిన్నటి గొట్టంలా అల్లి ఉంటే పక్కన.

“ఏందే పిల్లా, సాక్సులు కొంటున్నవా, చేపలు కొంటున్నవా? గట్ల మలిపి మలిపి సూస్తున్నవ్.”

“రెండిటికి లోపలనే సూడాలె సేటూ.”

సేటు నవ్వి, ఇంక ఈ బేరం ఇప్పట్లో తెగదని పేపరు తీసుకున్నాడు. గిరాకీల కోసం పెట్టిన కూజాలో వేలు ముంచి ఒక్కో రకం మీద ఒక్కో చుక్క వేసింది. మొత్తం నైలాను దాని మీద చుక్క చేమాకు మీద నిలబడ్డట్టు నిలబడింది, లోపలి చెమట లోపలే ఉంటుందన్నమాట. నూలు దాని మీద వేయగానే గుటుక్కున తాగేసి, అక్కడే గుండ్రంగా, ఎంతసేపైనా తడిగానే ఉంది. మూడోది నూలూ నైలానూ కలిపి నేసింది, పల్చటిది, లోపల సన్నటి నూగు, దాని మీద చుక్క వెడల్పుగా పాకింది, తిప్పి చూస్తే అవతలి వైపు తేమ, సేటు పేపరు ఒక పక్క చదివేలోపు ఆరిపోయింది. దాచుకోలేదు, దాటించింది. “ఇది,” అంది బాలి. “అది బూడిదరంగే, ఆడపిల్లవు, తెల్లటివి తీసుకో,” అన్నాడు సేటు. “కాళ్ళకు రంగు తెల్వది సేటూ.” ఆ మాట ఎలా వచ్చిందో, ఎంత ధైర్యంగా వచ్చిందో, ఇప్పటికీ తలచుకుంటే గర్వంగానే ఉంటుంది.

వాటిని ఇంటికి తీసుకుపోలేదు. తీసుకుపోతే మోతీ చెయ్యి ఊరుకోదు, ఉతకాల్సిన గుడ్డ కనపడితే ఆ చెయ్యి దానంతటది చాపుకుంటుంది. కాలేజీ ఆటల గదిలో, వలల వెనక తాడు మీద ఉండేవి. పరుగయ్యాక నల్లా దగ్గర తానే ఉతికేది, ముందు లోపలి వైపు బయటికి, చెమట ఉప్పంతా అక్కడే, ఒంటి సబ్బు కొంచెం, బట్టల సబ్బు బిళ్ళ వేస్తే నూగు గట్టిపడుతుంది, బండకేసి కొట్టకూడదు, మెలితిప్పి పిండకూడదు, అరచేతుల మధ్య పెట్టి ఒత్తాలి, నీడలో ఆరెయ్యాలి. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, ఒక జత చెడగొట్టుకుని నేర్చుకుంది, ముసురు రోజుల్లో మొదటి జతను కాలేజీ ఆయమ్మ టీ కాచుకునే పొయ్యి మీద దండెం కట్టి ఆరేస్తే ముడుచుకుని పసిపిల్ల కాలికి కూడా పట్టనంత అయ్యాయి. రెండో జత కాళ్ళకున్నది. కొత్తగా ఉన్నప్పుడు కాదు, నాలుగు వానలు, నాలుగు ఉతుకులు చూశాకే అది తన పాదం ఆకారం నేర్చుకుంది. ఇంట్లో తెల్లవి అలాగే గంజి తాగుతూ, గూట్లో నిలబడుతూ ఉన్నాయి. అబద్ధమా అది? బాలి తనను తాను చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ అదే జవాబు, యాడీ గంజిలో యాడీ ఉంది, దాన్ని కాదనలేను, కానీ నా కాళ్ళ మీద నేనే పరుగెత్తాలి.

వాగు చప్పుడు ముందే వినిపించింది. చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి, ఎర్రగా, చీలమండ దాకా. పోటీ మొదలుపెట్టే ముందే సారు చెప్పాడు, చప్టా మీంచైనా పోవచ్చు, పక్కన రాళ్ళ మీంచైనా పోవచ్చు, మీ ఇష్టం, తాడు కట్టించినం అని. హోంగార్డు తాడు దగ్గర నిలబడి, “మెల్లగ, మెల్లగ, నాచున్నది!” అని అరుస్తున్నాడు. ప్రమీల ఒక్క క్షణం నిలబడి బూట్లు చూసుకుంది, బెజవాడ పరుపు గుర్తొచ్చి ఉంటుంది, రాళ్ళ వైపు తిరిగింది, చేతులు చాపి ఒక్కో రాయీ చూసుకుంటూ. బాలి తిరగలేదు. పాదం మొత్తం ఆనించి నీళ్ళలోకి నడిచింది, చల్లగా వాగు బూట్లలోకి వచ్చింది, రానీ, వచ్చిన దారినే పోతుంది, బూట్ల పక్కలకు బా దబ్బనంతో పొడిచిన కన్నాలున్నాయి. అవతలి గట్టెక్కాక పది పదిహేను అంగల్లో నీళ్ళన్నీ చిమ్ముకుపోయాయి, పాదాలు మళ్ళీ తేలికయ్యాయి. ఇప్పుడు ప్రమీల వెనక ఉంది. కడపటి రాయి మీద కాలు జారి మునిగినట్టుంది, ఆ అడుగుల చప్పుడు వెనక నుంచి వస్తోంది, పచక్, పచక్, తడిసిన పరుపును ఎత్తి పడేస్తున్నట్టు.

అప్పుడే ఎడమపాదం కింద ఏదో గుచ్చింది.

ఇసుక పలుకు. మేజోడు లోపలికే పోయినట్టుంది, చీలమండ పైనుంచి. చిన్నదే. చిన్నదే గాని అడుగడుక్కీ అదే చోట, ఇంకా సగం రోడ్డు మిగిలే ఉంది, ఆగితే ప్రమీల దాటిపోతుంది, ఆగకపోతే, ఆగకపోతే ఏమవుతుందో బాలికి తెలుసు, పోయిన ఏడంతా ఆ పాఠమే. మనసు ఒక్కసారి రెండుగా చీలింది, సీటు పోతుందే, అని ఒకటి, పాదం పోతే సీటు ఎట్ల వస్తదే, అని ఒకటి. రెండోది యాడీ గొంతులా ఉంది, విచిత్రం. మైలురాయి కనిపించింది. బాలి వెళ్ళి దాని మీద కూచుంది. తొందర లేకుండా, తొందరపడితే ముడి బిగుసుకుంటుంది, లేసు లాగింది, బూటు తీసింది, మేజోడు తీసి లోపలి వైపు బయటికి తిప్పి దులిపింది, పలుకు ఎక్కడ పడిందో కూడా కనపడలేదు, అంత చిన్నది. ప్రమీల పచక్ పచక్‌మంటూ వచ్చి దాటింది.

“ఏమైందే బాలీ? అయిపోయావా?”

“నువ్ పో, వస్తున్న.”

మేజోడు మళ్ళీ తొడుక్కుంది, మడమ మడమ దగ్గర, కుట్టు వేళ్ళ పైన, మడత ఎక్కడా లేకుండా బొటనవేలితో చివరి నుంచి పైదాకా ఒకసారి నిమిరి. ముడి వేసింది. లేచింది. ఆ కాసేపట్లో ప్రమీల ఎంత దూరం పోయిందో చూడలేదు, చూడాల్సిన పని లేదు. అడుగు వేసింది, గుచ్చలేదు, ఇంకో అడుగు, గుచ్చలేదు, ఇక రోడ్డు తనదే అనిపించింది, రోడ్డు పక్క తునికి చెట్లు, ఇప్ప చెట్లు, ఎదురొచ్చిన బొగ్గు లారీ డ్రైవరు హారన్ కొట్టి ఏదో అరిచాడు, అరవనీ, చెమట వీపు మీద ధారగా దిగుతోంది, పాదాల్లోనూ దిగుతుంది, దిగి నిలవదు, ఒక్కొక్క అడుగుకూ కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. చిన్నప్పుడు మేకల వెనక పరిగెత్తిన వట్టికాళ్ళు గుర్తొచ్చాయి, ఆ కాళ్ళకు భూమి తెలిసేది, ఇప్పుడు మళ్ళీ తెలుస్తోంది, బూట్లలోంచి, మేజోళ్ళలోంచి, రోడ్డు ఎక్కడ గరుకో ఎక్కడ నునుపో.

కాలనీ క్వార్టర్ల రేకుల కప్పులు కనపడేటప్పటికి ప్రమీల జడలు మళ్ళీ దగ్గరికొచ్చాయి. ఆ పిల్ల అడుగు మారిపోయింది, కుడికాలు అంచు మీద వేస్తోంది, పాదం అడుగు భూమికి తగలకుండా. బాలికి ఆ నడక తెలుసు. పక్కకొచ్చాక ప్రమీల ముఖం చూస్తే పెదవి కొరుక్కుని ఉంది.

“కాళ్ళు కాలిపోతున్నాయే.”

“ఇప్పెయ్, సాక్సులు తీసి పిండి మల్ల తొడుక్కో. మంట తగ్గుతది.”

“ఆగితే అంతే సంగతులు!”

పోయిన ఏడాది తాను అనుకున్న మాటే. ఎవరి పాదం వాళ్ళకే చెప్పాలి. బాలి దాటింది. దాటుతున్నప్పుడు సంతోషం కాలేదు, దాటాక అయింది, గ్రౌండు గేటు, సున్నపు గీత, తాడుకు అటూ ఇటూ జనం, సారు చేతులు పైకెత్తి, “రెండు! మన బాలి రెండు!” అని గొంతు చించుకుంటున్నాడు.

మోతీ కంచె పక్కన కూచుని ఉంది. కూతురి పరుగు చూడ్డానికి రావడం ఇదే మొదటిసారి. అద్దాల రవిక ఎండకు తళుక్కుమంటోంది. బాలి వచ్చి పక్కన కూలబడగానే చెంగుతో ముఖం తుడిచింది.

“ముందల గా పిల్ల వచ్చింది గదనే. నీకెట్లిస్తరు సీటు?”

“రెండు సీట్లున్నయి యాడీ. ఒకటి ఆమెది. ఒకటి నాది.”

“హైదరాబాదుకా?”

“అవ్.”

“ఎప్పుడు పోవాలె?”

“దసరా పోయినంక.”

బాలి బూట్లు లాగేసింది. మోతీ కళ్ళు మేజోళ్ళ మీద పడ్డాయి, బురద కొట్టుకున్న బూడిదరంగు మేజోళ్ళ మీద. వాటిని తానే లాగి తీసి కూతురి చేతికిచ్చి, పాదం ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో అరికాలంతా నొక్కి చూసింది, పోయిన ఏడు ఉప్పునీళ్ళలో పెట్టిన చోటల్లా. నానిన చర్మం ముడతలు, అంతే. పొక్కు లేదు. చాలాసేపు పాదం వదల్లేదు.

“ఇవేడివే?”

“పగిడయ్య సేటు కాడ కొనుక్కున్న.”

“ఎవరు ఉతుకుతున్నరు?”

“నేనే. కాలేజీల.”

మోతీ చూపు దించుకుంది. తర్వాత అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. “తే, ఉతుకుత.”

బాలి ఇవ్వలేదు. “దా యాడీ,” అని తల్లి చెయ్యి పట్టుకుని లేపి గ్రౌండు మూల నల్లా దగ్గరికి తీసుకుపోయింది. ఒక మేజోడు తల్లి చేతిలో పెట్టి, రెండోది తాను తీసుకుని లోపలి వైపు బయటికి తిప్పింది. ధార కింద పట్టి, ఎర్రనీళ్ళు పోయేదాకా అరచేతుల మధ్య ఒత్తింది, వదిలింది, ఒత్తింది. మోతీ పక్కన నిలబడి చూస్తోంది.

“బండకు కొట్టవా?”

“కొట్టను.”

“పిండవా?”

“పిండను. గిట్ల ఒత్తుడే.”

“గింత ముద్దుగ ఉతికితె మురికి పోతదానే, సుట్టమై కూసుంటది గాని,” అంది మోతీ. అని, కళ్ళు తుడుచుకుని, నల్లా ముందు కూర్చుని, చేతిలోని మేజోడులో వేళ్ళు పెట్టి దాని లోపలి వైపు బయటికి తిప్పింది.